ఉచితమైన అక్షరం, స్వేచ్ఛ గల అక్షరం

కంప్యూటర్ వచ్చిన తొలి రోజుల్లో తెలుగు అక్షరం కొనుక్కోవలసిన సరుకు. డీటీపీ కేంద్రాలు అను వంటి ఫాంట్లను డబ్బు పెట్టి తెచ్చుకునేవి. పెద్ద పత్రికలు ఎవరి ఫాంటు, ఎవరి సంకేతాలు వారివిగా పెట్టుకోవడంతో, ఒక పత్రికను తెరమీద చదవాలంటే ఆ పత్రిక ఫాంటే కావలసి వచ్చేది. అన్నిచోట్లా ఒకే సంకేతాలుండే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, దాన్ని అనుసరించిన గౌతమి ఫాంటు మామూలు కంప్యూటర్లకు చేరింది 2001లో, విండోస్ ఎక్స్‌పీతో. దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. అలాగని దాన్ని తీసి తన సరుకులో పెట్టి అమ్ముకునే హక్కు గానీ, అక్షరం వంపు దిద్దుకునే హక్కు గానీ విండోస్ కొన్నవారికి లేవు.

డబ్బు కట్టనక్కర్లేకపోవడం, ఇలాంటి హక్కులు ఉండటం: ఈ రెంటికీ ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒకే మాట ఉండటంతో అక్కడ తికమక తప్పదు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు: ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ లైసెన్సుతో వచ్చి, డెబియన్ వంటి లినక్స్ పంపిణీల్లో చేరాయి. రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఫాంట్లను అదే లైసెన్సుతో విడుదల చేసింది. కానీ జీపీఎల్ ప్రోగ్రాముల కోసం రాసిన ఒప్పందం. దాని ప్రకారం, ఒక ప్రోగ్రామును మార్చి పంచేవారు తమ మార్పులనూ అవే షరతులతో ఇవ్వాలి. ఫాంటు దగ్గర ఇదే చిక్కు తెచ్చింది. పీడీఎఫ్‌లో ఫాంటు ఇమిడి ఉంటుంది గదా, మరి ఆ పుస్తకం మొత్తానికీ జీపీఎల్ వర్తిస్తుందా? వర్తించదని చెప్పడానికి జీపీఎల్‌ను రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒక ప్రత్యేక మినహాయింపు వాక్యమే రాయవలసి వచ్చింది. ఆ వాక్యం జతపడని ఫాంటు విషయంలో సందేహం అలాగే మిగిలింది. ప్రచురణకర్తకు కోర్టు తీర్పు దాకా పోయే ఓపిక ఉండదు. సందేహం ఉన్నచోట డబ్బిచ్చి మరో ఫాంటు కొనడమే అతనికి చవక.

ఈ చిక్కును విప్పింది ఎస్ఐఎల్ సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు. ప్రస్తుత 1.1 రూపం 2007 నాటిది. ఫాంటును ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా కలిపి అమ్ముకోవచ్చు, ఒంటరిగా మాత్రం అమ్మకూడదు. మార్చిన ఫాంటు అదే లైసెన్సులో ఉండాలి. మూలకర్త అట్టిపెట్టుకున్న పేరును మార్చిన ఫాంటుకు వాడకూడదు. ఆ ఫాంటుతో తయారైన పత్రానికి ఏ షరతూ అంటదని అందులోనే స్పష్టంగా ఉంది. వ్యాపారులకు కావలసింది ఈ చివరి మాటే. లోహిత్ 2011లో ఈ లైసెన్సుకు మారింది. అపాచీ లైసెన్సుతో వచ్చిన గూగుల్ నోటో ఫాంట్లు కూడా 2015లో ఇటే వచ్చాయి. అపాచీ మరింత ఉదారమైనదే అయినా ఈ మార్పు జరిగిందంటే, ఫాంట్ల లోకంలో అందరికీ తెలిసిన ఒప్పందం ఏదన్నదే ముఖ్యమైందని అనుకోవాలి.

సిలికాన్ ఆంధ్ర ద్వారా వెలువడిన మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన, గిడుగు వంటి ఫాంట్లకూ ఇదే లైసెన్సు. గూగుల్ ఫాంట్స్‌లో చేరాక వాటిని ఏ వెబ్‌సైటైనా, ఏ యాప్ అయినా ఎవరినీ అడగకుండా వాడుకోగలుగుతోంది. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు స్థిరపడిన సూరత్‌లో, ఖటోదరా పారిశ్రామిక వాడ పక్కన ఒక ముద్రాపకుడు గుజరాతీ శుభలేఖతో పాటు తెలుగుదీ వేయాలనుకుంటే, లోహిత్‌లో రెండు లిపులూ ఒకే షరతులతో దొరుకుతాయి.

అయినా అచ్చు పనిలో అను ఇంకా పోలేదు. దానికి కారణం లైసెన్సు కాదు. అక్కడ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. ఏళ్ళ తరబడి అందులో కూర్చిన పుస్తకాల ఫైళ్ళన్నీ పాత సంకేతాల్లోనే ఉన్నాయి.