ఎండలో రాలే గింజ, వానలో రాలే గింజ

కర్నూలు, కడప పల్లెల్లో గింజ దాచడమంటే పెద్దలకు గుర్తొచ్చేది జొన్న పాతర. గట్టి నేల చూసి గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మట్టి కప్పేసేవారు. తడి చేరదు, గాలి ఆడదు, పురుగు బతకదు. మా జేజి విత్తనపు గింజను పంటి కింద పెట్టి కొరికి చూసేది. టక్కున విరిగితే ఎండినట్టు, నలిగితే ఇంకా ఎండ తగలాలి. పైర్లకు ఈ లెక్క చాలు. చెట్ల విత్తనాలకు చాలదని నాకు నేర్పింది నర్సరీ పని.

ఈ సీమలో సర్కారు చెట్ల పెంపకం వెనక రైలు ఉంది. 1856లో హ్యూ క్లెగార్న్ మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అటవీ సంరక్షణాధికారి అయ్యాడు. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన రైలు మార్గం 1871 నాటికి రాయచూరు చేరింది. పట్టాల కింద దిమ్మెలకు, ఇంజన్లలో కాల్చే కట్టెలకు అడవి నరుకుతూ పోతే మిగిలేదేమిటన్న భయం పుట్టింది. నరకడంతో పాటు నాటడమూ సర్కారు పనైంది. 1860లలో కోడూరు దగ్గర ఎర్రచందనం తోటలు మొదలయ్యాయి. నాటాలంటే విత్తనం కావాలి, అది వానల దాకా బతికుండాలి.

ఆ విషయంలో ఎర్రచందనం మొండిది. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, ఇలా ఈ కొండల్లో, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. వేసవిలో పూసిన పువ్వు కాయగా ముదిరి ఎండేసరికి మళ్లీ ఫిబ్రవరి, మార్చి వస్తుంది. గుండ్రటి కాయ, చుట్టూ కాగితం లాంటి రెక్క, నడుమ గట్టి బొడిపెలో ఒకటో రెండో గింజలు. అది రాలేది నిప్పులు కురిసే ఎండలోకి. తొలకరి దాకా నెలల తరబడి కాలే రాళ్ల మీద పడి ఉండాలి. అందుకే ఎండను తట్టుకునే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. బాగా ఎండిన కాయలను గోతంలో పోసి తడి తగలని చోట పెడితే నాటే కాలం దాకా నిలుస్తాయి. చిక్కంతా నిద్ర లేపడంలోనే. నర్సరీలో మేం రెక్కలు కత్తిరించి, కాయలను నీళ్లలోనో పేడనీళ్లలోనో నానబెట్టి మళ్లలో వేసేవాళ్లం. అయినా అన్నీ ఒక్కసారి మొలవవు. కొన్ని ముందు, కొన్ని ఎంతో వెనక. చింతగింజా ఓపిక గలదే. ఈ ఏడు పండు కొట్టగా దాచిన గింజలు మరుసటి ఏడు నాటినా మొలుస్తాయి.

వేప తీరు వేరు. ఊరూరా నీడనిచ్చే ఈ చెట్టు పండ్లు వానల మొదట్లో పండి రాలతాయి. రాలిన వెంటనే తడి నేల దొరుకుతుంది కాబట్టి వేచి ఉండాల్సిన అవసరం ఆ గింజకు లేదు. పసుపు రంగు తిరిగిన పండ్లను నీళ్లలో పిసికి, గుజ్జు కడిగేసి, గోనెపట్టా మీద పలచగా నీడన ఆరబెట్టాలి. గుజ్జుతో కుప్ప పోస్తే వేడెక్కి మురిగిపోతాయి. గింజ చీల్చి చూస్తే లోపల పప్పు పచ్చగా ఉండాలి. పసుపుకో గోధుమ రంగుకో తిరిగిందంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. మామూలుగా అట్టిపెడితే కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి సన్నగిల్లుతుంది.

దీని వెనక శాస్త్రం చాలా తర్వాత తేలింది. 1973లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఇ.హెచ్. రాబర్ట్స్ విత్తనాలను రెండు జాతులుగా విడదీశాడు. ఎండబెట్టి చల్లగా దాస్తే ఏళ్ల తరబడి బతికేవి ఒకటి, ఎండితే చచ్చేవి రెండోది. మామిడి, నేరేడు ఈ రెండో జాతివి. 1990లో ఈ రెంటికీ నడుమ కాఫీ లాంటి మూడో జాతి ఉందని తేల్చారు. వేపను చాలామంది అక్కడే చేరుస్తారు. మొదటి జాతి విత్తనాల్లో తేమ ఒక శాతం తగ్గినా, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. విత్తన బ్యాంకులు వాటిని –18 డిగ్రీల దగ్గర దాచేది అందుకే. తడి ఆరని వేప గింజను మాత్రం నేరుగా ఫ్రిజ్‌లో పెడితే చలికే చస్తుంది. నిదానంగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో మూశాకే చలి దానికి మేలు చేస్తుంది.

ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. ఇక్కడ ఒక పదును తప్పితే ఏడాది పోయినట్టే. ఎప్పుడు ఏరారో తెలియని వేప గింజలతో విత్తన బంతులు చేసి కొండల మీద చల్లితే అది చచ్చిన గింజలకు చేసిన చాకిరీ. మొక్కలు నాటించే అధికారులకు, బడిపంతుళ్లకు, సంఘాల వాళ్లకు నేను కోరేది ఇంతే. గోతం మీద చెట్టు పేరుతో పాటు గింజ ఏరిన తేదీ కూడా రాయండి. ఎర్రచందనం కాయలు ఎండల్లో ఏరి వానల దాకా దాచండి. వేప పండ్లు రాలిన వారంలోనే గింజ నేలలో పడేలా చూడండి.