పాత బజార్ల పునర్నిర్మాణం: చిరు వ్యాపారులకు, పరిసర నివాసులకు రక్షణలు

హైదరాబాద్: నగరాలలోని పాత బస్తీలను పునరుద్ధరించే కార్యక్రమాలలో మార్కెట్లు, దుకాణ సముదాయాల నిర్మాణం ప్రధానమైనది. కట్టడం పూర్తయిన తరువాత వచ్చే ప్రయోజనం ఎంత ముఖ్యమో, నిర్మాణ కాలంలో అక్కడి చిరు వ్యాపారుల జీవనోపాధికి, పరిసర నివాసుల ప్రశాంతతకు భంగం కలుగకుండా చూడడం కూడా అంతే ముఖ్యం. ఈ విషయమై అమలులో ఉన్న చట్టాలు, నిబంధనలు, రెండు నగరాల అనుభవాలు పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం దిగువ ఇవ్వడమైనది.

మొజంజాహీ మార్కెట్

1908 మూసీ వరదల అనంతరం హైదరాబాద్ పునర్నిర్మాణానికై 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పాటయింది. వరద నష్టాన్ని సరిదిద్దడంతోపాటు ఇరుకు బస్తీల స్థానంలో విశాలమైన రహదారులు, ఇళ్లు, అంగళ్లు నిర్మించడం ఆ బోర్డు కార్యక్రమం. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా బహదూర్ పేరిట 1935లో నిర్మితమైన మొజంజాహీ మార్కెట్ ఆ కాలపు రాతి కట్టడాలలో ప్రసిద్ధమైనది. కాలక్రమంలో రేకుల షెడ్లు, అదనపు కట్టడాలు, నామఫలకాలు చేరి దాని అసలు రూపం మరుగున పడింది. 2018లో పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో పునరుద్ధరణ ప్రారంభమై, 2020 ఆగస్టు 14న అప్పటి పురపాలక శాఖ మంత్రి కె. తారక రామారావు చేతుల మీదుగా మార్కెట్ తిరిగి ప్రారంభమైంది. కట్టడం రూపు మారినప్పటికీ ఐస్‌క్రీం, పండ్లు, ఎండు ఫలాల వంటి చిరకాల వ్యాపారాలు అక్కడే కొనసాగడం పేర్కొనదగిన విషయం.

భేండీ బజార్

ముంబయిలోని భేండీ బజార్‌లో 16.5 ఎకరాల విస్తీర్ణంలో సుమారు 250 పాత భవనాల స్థానంలో కొత్త సముదాయం నిర్మించేందుకు 2009లో సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్టు ఏర్పాటయింది. సుమారు 3,200 కుటుంబాలకు, 1,250 దుకాణాలకు ఆ ప్రాంతంలోనే తిరిగి స్థానం కల్పించడం ఈ పథకంలోని విశేషం. పనులు సాగుతుండగానే 2017 ఆగస్టు 31న అక్కడి హుసేనీ భవనం కూలి 30 మందికి పైగా మరణించారు. శిథిలావస్థలోని భవనాల నుంచి ప్రజలను సకాలంలో తాత్కాలిక వసతికి తరలించడం ఎంత అత్యవసరమో ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది.

వీధి వ్యాపారుల హక్కులు

వీధి వ్యాపారుల (జీవనోపాధి పరిరక్షణ, వీధి వ్యాపార క్రమబద్ధీకరణ) చట్టం, 2014 ఆ ఏడాది మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులోని ముఖ్యాంశాలు:

- పట్టణ వీధి వ్యాపార కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదు. వారిలో మూడవ వంతు మహిళలు ఉండాలి.
- సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు జారీ అయ్యేవరకు ఎవరినీ తొలగించరాదు. సర్వే కనీసం అయిదేళ్లకొకసారి జరపాలి.
- తొలగించడానికి లేదా వేరొక చోటికి తరలించడానికి 30 రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలి.
- తరలింపును వీలైనంతవరకు నివారించాలి. తప్పనప్పుడు, ప్రణాళికలోనూ అమలులోనూ బాధిత వ్యాపారులకు భాగస్వామ్యం కల్పించాలి.
- కొత్త నిర్మాణం వలన ఏర్పడే ఉపాధి అవకాశాలలో నిర్వాసితులైన వ్యాపారులకు చోటివ్వాలి.
- 50 ఏళ్లకు పైబడి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి. అక్కడి వీధి వ్యాపారులను తరలించరాదు.

ధ్వని, శిథిలాలు

ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం వాణిజ్య ప్రాంతాలలో పగటివేళ 65, రాత్రివేళ 55 డెసిబెల్స్, నివాస ప్రాంతాలలో వరుసగా 55, 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రివేళ అనగా 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ఆ సమయంలో నివాస ప్రాంతాలలోనూ, నిశ్శబ్ద మండలాలలోనూ శబ్దం వెలువరించే నిర్మాణ యంత్రాలను వినియోగించరాదని 2010 సవరణ నిర్దేశించింది. అంగళ్ల పైఅంతస్తులలోనే కుటుంబాలు నివసించే పాత బజార్లలో ఈ నియమానికి ప్రత్యేక ప్రాధాన్యం గలదు.

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలను వేరుచేసి అప్పగించే బాధ్యతను 2016 నిబంధనలు నిర్మాణదారుపై ఉంచాయి. వాటి స్థానంలో 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించబడింది. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత వైశాల్యం గల ప్రాజెక్టులకు ఇవి విస్తృత ఉత్పత్తిదారు బాధ్యతను వర్తింపజేశాయి.

కార్మికుల సంక్షేమం

నిర్మాణ వ్యయంలో 1 శాతానికి తగ్గకుండా, 2 శాతానికి మించకుండా సెస్సు వసూలు చేసి నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వినియోగించే విధానం 1996 నాటి చట్టాలతో మొదలైంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ విధానం కొనసాగింది.

పరిశీలించవలసిన అంశాలు

మార్కెట్ నిర్మాణాన్ని చేపట్టే ముందు వ్యాపారుల జాబితాను తయారుచేసి బహిరంగంగా ప్రదర్శించడం, తాత్కాలిక అంగళ్లను పాత అంగళ్లకు సమీపంలోనే ఏర్పాటు చేయడం, పనులను దశలవారీగా చేపట్టి కొనుగోలుదారుల రాకపోకలకు దారి ఉంచడం, పండుగల రద్దీ రోజులలో తవ్వకాలను నిలిపివేయడం, ఫిర్యాదులు స్వీకరించే అధికారి పేరు, ఫోన్ నంబరు పనుల స్థలంలో బోర్డుపై ప్రదర్శించడం ప్రయోజనకరం. ఏ రోజు అమ్మకంతో ఆ రోజు ఇల్లు గడిచే చిరు వ్యాపారికి కొన్ని వారాల అంతరాయమే అప్పుల పాలయ్యేందుకు చాలును. కొత్త దుకాణంలో అద్దె ఎంత, కేటాయింపు ఎవరికి అన్న విషయాలు పనులు మొదలుకాక ముందే లిఖితపూర్వకంగా తేలినచో, తదుపరి వివాదాలకు, జాప్యానికి చాలావరకు తావుండదు.