సుబ్బారావు గారి మందు ఎన్ని క్యాన్సర్లు చూసింది?

గద్వాల, వనపర్తి వైపు కీళ్లవాతంతో బాధపడేవాళ్లలో కొందరికి మెథోట్రెక్సేట్ మాత్ర పరిచయమే. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. అయితే దీని కథ మొదలైంది కీళ్లతో కాదు, పిల్లల రక్త క్యాన్సర్ లుకేమియాతో.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940ల్లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపారు. కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఆ జాతి మందులిస్తే జబ్బును ఇంకా ఎగదోసినట్టు కనిపించింది. అలాగైతే దాన్ని అడ్డుకునేదే ఇద్దామనుకున్నారు. ఫోలిక్ ఆమ్లం వేషం కట్టి కణాన్ని ఏమార్చే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు: 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు. కానీ జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దాన్ని గర్భంలో బిడ్డను పోషించే మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమాకు ఇచ్చారు. ఊపిరితిత్తులకు పాకిన గడ్డలు కూడా కరిగిపోయాయి! ఈ క్యాన్సర్ మూత్రంలో ఒక హార్మోన్ జాడ వదులుతుంది. ఎక్స్‌రే శుభ్రంగా వచ్చినా, ఆ జాడ పోయేదాకా లీ మందు ఆపలేదు. ఆ మొండితనానికి ఆయన ఉద్యోగం పోయింది. ఆయన మందు కొనసాగించినవాళ్లు మాత్రం బతికారు. లుకేమియాకు అలాంటి సులువైన కొలత లేదు. పైగా దానికి ఒక్క మందు చాలదు, నాలుగైదు కలిపి ఏళ్ల తరబడి ఇవ్వాలని తేలడానికి చాలా కాలం పట్టింది.

ఎముక క్యాన్సర్‌కు 1970ల్లో మెథోట్రెక్సేట్‌ను భారీ మోతాదులో ఇచ్చి, ఆ తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడుతో మిగతా శరీరాన్ని కాపాడే పద్ధతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఈ మందు మరో రెండు మందులతో జత కట్టింది. ముదిరిన నోటి క్యాన్సర్‌కు ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు వారానికింత చొప్పున కొద్దిగా, చవకగా ఇచ్చి చూశారు. పొగాకు నమిలే మన పల్లెలకు అన్నిటికన్నా దగ్గరి సంగతి ఇదే.

ఇలాంటి వైద్యం పేదలకు ఉచితంగా అందించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు అందులోనివే. ఇక్కడి నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు బయాప్సీ కాగితం మరవకూడదు. గడ్డ ఏ కణాలదో తేలాకే మెథోట్రెక్సేట్ ఇవ్వాలా, ఇస్తే ఎంత అన్న ప్రశ్న.