నరమునకు తగిలిన దెబ్బ

పల్నాటి వీరుల ప్రసంగమని చెప్పి నా కాలి సంగతి యెత్తుకొన్నానని శ్రోతలు నవ్వకుందురు గాక. రెంటికిని సంబంధము గలదు.

ఒక కార్తికమున కారెంపూడి తిరునాళ్లకు బోయితిని. పగలు వీరుల యాయుధములకు జరుగు పూజ చూచితిని. రాత్రి రాతియరుగుపై కాలుమీద కాలు వైచికొని వీరవిద్యావంతుల కథ తెల్లవారువరకు వింటిని. లేవబోగా కుడిపాదము పైకి లేవలేదు. చెప్పు నేలకు రాచుకొనుచున్నది. పాదము పైభాగమున స్పర్శ లేదు. పక్షవాతమని యింటిలో ఏడ్పులు. పొరుగున నొక పెద్ద వాత పెట్టుమనెను.

నరసరావుపేటలో వైద్యుడు నా చేతిని, ముఖమును, మాటను పరీక్షించి, మోకాలి వెలుపలి ప్రక్కన బుడిపెవలె నుండు యెముకను తాకి, "ఇచట నరము నొక్కుకొన్నది, తెగలేదు" అనెను. అచట నరమునకును చర్మమునకును నడుమ కండ లేదు. గంటలకొలది గొంతుకూర్చుండి కలుపు తీయువారికిని ఇట్లే కావచ్చును.

ఈ వివేకము యుద్ధభూములనుండి వచ్చినది. అమెరికా అంతర్యుద్ధములో గాయపడిన సిపాయిలను చూచి వైర్ మిచెల్, మోర్‌హౌస్, కీన్ అను వైద్యులు 1864లో నరముల గాయములపై గ్రంథము వెలువరించిరి. 1943లో ఆంగ్లవైద్యుడు సెడన్ ఆ గాయములను మూడు తెగలుగా విభజించెను. మొదటిదానిలో తంతువు నిలిచియే యుండును. పైపొర నలిగి వార్త సాగదు. కొన్ని దినములలోనో వారములలోనో తనంతట బాగగును. రెండవదానిలో తంతువు తెగును, తొడుగు మిగులును. క్రొత్త తంతువు దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ప్రాకును. మోకాలినుండి పాదమునకు ఎన్ని నెలలో లెక్కించుకొనుడు! మూడవదానిలో నరమే తెగును, కుట్టనిదే అతుకదు.

నాది మొదటిది. కాలుమీద కాలు వేయవద్దనియు, పాదమును చేతితో పైకి వంచుచుండుమనియు, స్పర్శలేని చోట వేడినీరు తగులనీయవద్దనియు వైద్యుడు చెప్పెను. వాత పెట్టియుండినచో కాలినదియు తెలిసెడిది కాదు. మచ్చలతో మెల్లగా వచ్చు తిమ్మిరి మాత్రము వేరు; అది కుష్ఠు కావచ్చును, దానికి వేచియుండరాదు.

ఆ దినములలో మంచముపై కథ నెమరువేసికొంటిని. కారెంపూడిలో పడినవారిని పాట లెక్కించును. మణికట్టు దెబ్బతిని, ప్రాణము దక్కి, మరల కత్తి పట్టలేనివారు లేకుండిరా? వారి మాట నేనా రాత్రి వినలేదు.

ఇరువదిరెండవ నాటి యుదయమున బొటనవ్రేలు కొంచెము కదలెను. మా తల్లిని పిలిచి చూపితిని. ఆమె నమ్మక, మరల కదల్చుమనెను.