సూరతు మొదలు డోర్నకలు దాక: చిన్న సంఘమున గృహస్థుల పెద్దరికము

సూరతు నగరమున తాపీ నదీతీరమందు, పాత కోటకును సుంకపు కచేరికిని నడుమ, 1820లో ఆంగ్లేయులొక చిన్న దేవాలయమును కట్టుకొనిరి. ఐదేండ్ల పిదప, 1825లో, కలకత్తా బిషప్పు రెజినాల్డ్ హీబరు వచ్చి దానిని ప్రతిష్ఠించెను. అందు నూరుమందికి మాత్రమే చోటున్నదని పాత గెజిటీరు చెప్పుచున్నది. ఆ కాలమున హిందూదేశమంతటికిని ఆంగ్లికన్ బిషప్పు ఒక్కడే. సింహళద్వీపమును, ఎక్కడనో యున్న ఆస్ట్రేలియాయు గూడ ఆయన యధికారమునకు లోబడినవే. మరుసటి యేడు, 1826 ఏప్రిలులో, తిరుచిరాపల్లిలో ఆయన కాలధర్మము నొందెను. సూరతు సంఘము తన దేవాలయమును ప్రతిష్ఠించిన బిషప్పును మరల చూచు భాగ్యమునకు నోచుకొనలేదు.

బిషప్పు పరిపాలన గల సంఘమునకు ఎపిస్కోపల్ సంఘమని పేరు. బిషప్పు, గురువు, డీకను అను మూడు పట్టములు దానికి మూలస్తంభములు. అట్టి సంఘములో ఆ పట్టములు లేని సామాన్యునకు వినుటయు, కానుక వేయుటయు తప్ప వేరు పనియేమున్నదని పలువురు తలంతురు. కాని బిషప్పు వేయిమైళ్ల దూరమున నుండి, గురువు ఏడాదికి రెండు మూడు మారులు మాత్రమే వచ్చిపోవునెడల, తాళపుచెవి ఎవరి చేత నుండును? లెక్క వ్రాయువారెవరు? ఆదివారమునాడు ప్రార్థన చదువువారెవరు? ఈ ప్రశ్నలకు చరిత్ర యిచ్చిన సమాధానమే ఈ వ్యాసమునకు విషయము. పట్టము పొందని వారిని ఇందు గృహస్థులని పిలిచెదను. ఇంతకంటె ఇంపైన మాట నాకు దొరకలేదు.

సూరతునకును మన మచిలీబందరునకును ఈ కథలో పాతచుట్టరికము గలదు. ఆంగ్లేయుల తూర్పిండియా కంపెనీవారు 1611లో బందరునందును, 1613లో సూరతునందును కొఠీలు పెట్టిరి. 1656లో స్ట్రెయిన్‌షాం మాస్టరు అను పదునారేండ్ల బాలుడు సూరతు కొఠీకి వచ్చి కొలువు నేర్చెను. 1670లో శివాజీ సేనలు రెండవమారు సూరతు మీదికి వచ్చినపుడు కొఠీని కాపాడిన దళమునకు ఇతడే నాయకుడు. తరువాత చెన్నపట్టణమునకు గవర్నరై, మచిలీబందరు కొఠీని స్వయముగా తనిఖీ చేసెను. ఇతడు గురువు కాడు, కంపెనీ యుద్యోగి. అయినను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమును కట్టించుటకు పూనుకొన్నవాడితడే. కంపెనీ ఖజానా నుండి పైకము కోరక, ఉద్యోగులచేత చందాలు వేయించి పని నడపెను. 1678లో మొదలైన కట్టడము 1680 అక్టోబరులో ప్రతిష్ఠింపబడెను. ప్రార్థనకు రాని యుద్యోగికి జరిమానా వేసి, ఆ సొమ్మును పేదలకిచ్చు నిబంధనను కూడ ఇతడు కొఠీలలో పెట్టెను. నేటి కచేరీలలో హాజరుపట్టీని చూచి విసుగుకొను మన సోదరులకు ఈ సంగతి కొంత ఊరట కలిగించును గాక!

దేవాలయముతో పాటు అచ్చట వెస్ట్రీ అను సభయు నేర్పడెను. వెస్ట్రీ యనగా సంఘపు గృహస్థులు గురువుతో కలసి కూర్చుండి నిర్ణయములు చేయు సభ. దాని పక్షమున పని చేయువారు వార్డెనులు. వీరు సాధారణముగా ఇద్దరు. ఆంగ్లదేశపు ఆచారమును బట్టి ఒకనిని గురువు నియమించును, ఒకనిని ప్రజలెన్నుకొందురు. ఈ యేర్పాటులోని తెలివిని గమనింపవలెను. గురువునకు నమ్మకమైనవాడొకడు, ప్రజలకు నమ్మకమైనవాడొకడు. పెట్టె తెరచునపుడు ఇద్దరును ఎదుట నుండవలెను. కట్టడపు మరమ్మతు, కానుకల లెక్క, పాత్రల భద్రత, ఆరాధనలో క్రమము, ఇవి వారి విధులు. సెయింట్ మేరీ వెస్ట్రీవారు దేవాలయపు నిధిని వడ్డీకి త్రిప్పి పేదలను, అనాథలను పోషించిరి. 1715లో అచ్చట ధర్మపాఠశాల వెలసెను. గృహస్థులకు ఖాతాలు తెలియుట సంఘమునకు ఎంత మేలో ఇందువలన విశదమగును.

అయితే పెద్దరికము హద్దు మీరుటయు గలదు. అమెరికాలోని వర్జీనియాలో 1784కు పూర్వము బిషప్పే లేనందున, వెస్ట్రీలోని భూస్వాములు గురువును స్థిరముగా నియమింపక ఏటేటి ఒప్పందము మీద నుంచుకొనెడివారు. గురువు వారికి అప్రియమైన మాట చెప్పెనా, మరుయేడు కొలువు హుళక్కి.

మన దేశమున కంపెనీ పోయి రాణిగారి ప్రభుత్వము వచ్చిన తరువాతను చిన్న ఊళ్ల సంఘములకు స్థిరముగా గురువు లుండిరని యెన్నరాదు. ప్రభుత్వ రాబడి నుండి జీతము తీసికొను చాప్లెయినులు కొందరే. తక్కిన చోట్ల కలెక్టరో, జడ్జీయో ప్రార్థనపుస్తకము తీసి ఉదయప్రార్థన చదువుట వాడుక. గృహస్థుడైన పాఠకునకు హద్దులు గలవు. వాక్యము చదువవచ్చును, ప్రార్థన నడపవచ్చును, అనుమతి యున్నచో ప్రసంగము చేయవచ్చును. ప్రభుభోజన సంస్కారమును జరుపుటకును, పాపక్షమాపణను ప్రకటించుటకును గురువే రావలెను. ప్రార్థన లిఖితమై స్థిరముగా నుండుటచేత చదువువాని పాండిత్యము మీద సంఘము ఆధారపడనక్కరలేదు. చిన్న సంఘములు నిలుచుటకు ఇది గొప్ప సదుపాయమని నా యభిప్రాయము.

ఇంతవరకు చెప్పినది తెల్లదొరల సంఘముల మాట. తెలుగుదేశమున కథ వేరొక తీరున నడచినది. 1841లో రాబర్టు నోబులును, హెన్రీ ఫాక్సును చర్చి మిషనరీ సొసైటీ పక్షమున బందరులో దిగిరి. నోబులు పాఠశాల పెట్టి అగ్రవర్ణముల బాలురకు చదువు చెప్పెను. కాని గ్రామసంఘములకు బీజము ఆ పాఠశాలలో పడలేదు. కృష్ణామండలమునందలి రాఘవాపురమున పాగోలు వెంకయ్య యను మాలపెద్ద విగ్రహములందు విశ్వాసము కోల్పోయి, పేరు తెలియని దేవుని ప్రార్థించుచు కొన్నియేండ్లు గడపెను. తుదకు బెజవాడలో మిషనరీ డార్లింగు దొరను కలసికొని, 1859లో బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట తన బంధువుల యూళ్లకు తానే నడచిపోయి బోధించెను. వెంకయ్య గురుపట్టము పొందలేదు. ఆయన వెనుకనున్నది కులపెద్దరికమును, చుట్టరికమును, తన మాటకు ఊరిలోనున్న విలువయు మాత్రమే. కృష్ణా జిల్లాలోని పల్లె సంఘములనేకము ఈ గృహస్థుని యడుగుజాడలలో పుట్టినవే. దొర వచ్చి సంఘమును స్థాపించెననుట మన వ్రాతలలో పరిపాటి. రాఘవాపురమున మాత్రము వెదకికొనుచు వెళ్లినవాడు వెంకయ్య, పిలువగా వచ్చినవాడు దొర.

ఈ మార్గమును ఒక పద్ధతిగా మలచినవాడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య. ఆయన తమిళుడు, 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించెను. 1903లో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘమును, 1905లో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించిన ముఖ్యులలో ఆయన యొకడు. ఆ రెండు పనులు చేయునాటికి ఆయనయు గృహస్థుడే, వై.ఎం.సి.ఏ. కార్యదర్శి. 1909లో గురుపట్టము పొంది, నిజాం రాజ్యమందలి డోర్నకలునకు కాపురము వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే మొదటిసారి. తరువాత కృష్ణా, గోదావరి, కర్నూలు ప్రాంతములును ఆయన యధికారము క్రిందికి వచ్చెను. 1912లో సుమారు 56 వేలుండిన ఆ ప్రాంత విశ్వాసులు 1941 నాటికి రెండు లక్షల ఇరువదివేలు దాటిరి.

ఇంతమందికి గురువులను ఎక్కడనుండి తేగలరు? 1930 దశాబ్దపు నడుమ ఆ డయోసిసులో గ్రామోపాధ్యాయులు రెండువేలకు పైబడి యుండిరి. గురువుల సంఖ్య అందులో ఎన్నియో వంతులు తక్కువ. కనుక పల్లెలో సంఘమనగా ఉపాధ్యాయుడును, పెద్దలును. ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించును. కూలినాలి ముగించుకొని జనులు వచ్చిన పిదప రాత్రి దీపము పెట్టి ప్రార్థన నడపును. చదువురానివారికి విశ్వాసప్రమాణమును, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను నోటికి వచ్చువరకు వల్లింపజేయును. గురువు నెలకో, రెండు నెలలకో వచ్చి సంస్కారములిచ్చి మరియొక పల్లెకు సాగిపోవును. ఆయన లేనప్పుడు తగవులు తీర్చుట, పెండ్లి సంబంధములను విచారించుట, త్రాగివచ్చినవానిని మందలించుట, రోగి యింటికి పోవుట పెద్దల పని. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాల్గింటిని బిషప్పు తన ప్రజలకు ప్రధాన శత్రువులుగా నెంచి పోరాడెను. ఆ పోరాటములో ముందువరుసన నిలిచినది పెద్దలే.

స్త్రీల పాలు తక్కువది కాదు. వంటకు బియ్యము కొలుచునపుడెల్ల గృహిణి పిడికెడు తీసి వేరుకుండలో వేయును. వారము ముగియగానే అది దేవాలయమునకు చేరును. రొక్కము చూడని కూలివారి యిండ్లనుండి సంఘమునకు రాబడి కల్పించిన యుపాయమిది. కోతపండుగనాడు ధాన్యము, కోడిపుంజులు, గుమ్మడికాయలు దేవాలయపు వాకిట గుట్టపడి, వేలము పాటలో అమ్ముడుపోవును. బిషప్పు భార్య అన్బు అమ్మగారు తల్లుల సంఘమును పల్లెలలో నడపుటకు పాటుపడిరి. దేశపు సంఘము పరాయి సొమ్ముతో బ్రతుకరాదని అజరయ్య పట్టుదల. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత తమ తలపై తామే చేయి నుంచుకొనజేసి, ఇతరులకు సువార్త చెప్పనిచో తమకు కీడని పౌలు చెప్పిన మాటను పలికించెడివాడు. గురువునకే గాదు, నిన్న చేరిన కూలివానికిని బాధ్యత గలదని దాని భావము.

ఈ యేర్పాటులో లోపములు లేవనరాదు. ఉపాధ్యాయునికి జీతము మిషను నుండి వచ్చుచున్నంతకాలము అతడు పల్లెవారికంటె దొరకే జవాబుదారి. పెద్దల పదవి ఎన్నికతో వచ్చినదని పేరే గాని, తండ్రి నుండి కొడుకునకు సంక్రమించిన చోట్లును గలవు. కులపెద్దరికము సంఘపెద్దరికముగా పేరు మార్చుకొని మాలలకును మాదిగలకును నడుమ గోడలను నిలిపిన సందర్భములును గలవు. అయినను ఒక్క సంగతి మరువరాదు. ఊరి చావడిలో కూర్చుండుటకు హక్కులేని మనుష్యుడు ఇచ్చట సభలో కూర్చుండి, చేయి ఎత్తి, లెక్క అడుగగలిగెను. పంచాయతులకు ఓటు రాకమునుపే ఆ పల్లెలలో ఈ యభ్యాసము జరిగినది.

చట్టమును ఈ వాడుక వెంట నడువవలసి వచ్చెను. 1927లో ఆంగ్ల పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి, 1930లో భారతదేశపు ఆంగ్లికన్ సంఘము ఇంగ్లండు సంఘమునుండి విడివడి తన నిబంధనావళిని తాను వ్రాసికొనెను. బిషప్పులు, గురువులు, గృహస్థులు అని మూడు శాఖలు గల మహాసభ దాని కేర్పడెను. చాప్లెయినులకు ప్రభుత్వ ఖజానా నుండి జీతమిచ్చు శాఖ మాత్రము స్వాతంత్ర్యము వచ్చువరకు సాగెను.

గృహస్థుల పలుకుబడి ఎంతటిదో 1947లో తేటపడినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 27న చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటైరి. దీనికై చిరకాలము పాటుపడిన అజరయ్య 1945 జనవరి 1న గతించి, ఆ దినమును చూడలేదు. కాని ఆయన డయోసిసులోనిదే యైన నంద్యాల ప్రాంతమున సంఘములనేకము ఐక్యతకు ఒప్పుకొనలేదు. పాత ప్రార్థనాక్రమమును, పాత సంబంధమును విడువమని అచ్చటి పెద్దలు పట్టుబట్టి, ఆంగ్లికనులుగనే నిలిచిరి. బిషప్పుల సభ తీర్మానించిన దానిని పల్లె వాకిట కాదనగలుగుట చిన్న సంగతి కాదు. వారి పట్టు సరియైనదా కాదా యన్నది వేరు విచారణ. ఒకే పల్లెలో చుట్టములు రెండు పక్షములై, ఒకరి దేవాలయమునకు ఒకరు పోకయుండుట మాత్రము వేదన కలిగించు విషయమే. 1975లో గాని నంద్యాల దక్షిణ ఇండియా సంఘములో కలియలేదు. ఆ నంద్యాల డయోసిసుకే 2013లో పుష్పలలిత గారు బిషప్పైరి. దక్షిణ ఇండియా సంఘమున స్త్రీ బిషప్పగుట అదియే మొదలు.

ఇక సూరతు మాట. 1970 నవంబరు 29న నాగపూరులో ఉత్తర ఇండియా సంఘము వెలసి, గుజరాతు దాని డయోసిసులలో ఒకటయ్యెను. ఐరిష్ ప్రెస్బిటీరియనుల మిషను నుండి పెరిగిన సంఘములు, బ్రెదరెన్ వారి సంఘములు, ఆంగ్లికనులు ఇందు కలసిరి. ప్రెస్బిటీరియనులలో గృహస్థులైన పెద్దలు పట్టాభిషేకము పొంది గురువుతో సమముగా సభలో కూర్చుందురు. ఆంగ్లికను వార్డెనునకు పెట్టెయు తాళమును ముఖ్యము, ప్రెస్బిటీరియను పెద్దకు మందను కాచుట ముఖ్యము. ఈ రెండు సంప్రదాయములు ఒక కప్పు క్రిందికి వచ్చుటచేత నేటి పాస్టరేటు కమిటీలో రెండు విధులును కలసియున్నవి.

ఓరుగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి వచ్చిన మన నేతవారు సూరతు మగ్గముల వద్ద స్థిరపడి తరములు గడచినవి. నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమపు బడులను సహితము నడపిరి. ఉధనా దాటి దక్షిణమునకు పోవు రైలుమార్గములో భేస్తాన్ వంటి పారిశ్రామిక స్థలములందు కూడ తెలుగు మాట వినబడును. వచ్చినవారిలో ఏ మతమువారైనను, గుడి కట్టుకొన్నను, భజనమండలి పెట్టుకొన్నను, ప్రార్థనకూటము చేసికొన్నను, మొదట కావలసినది ముగ్గురు మనుష్యులు: తలుపు తీయువాడు, పుస్తకము చదువువాడు, లెక్క వ్రాయువాడు. ఎపిస్కోపల్ సంఘమున గురువు బదిలీయై, క్రొత్తవాడు వచ్చులోపల ఈ మువ్వురి పనియు వార్డెనుల మీదనే పడును. తాళపుచెవులు, బాప్తిస్మపు చిట్టా, వివాహపు చిట్టా, కానుకల పెట్టె వారి స్వాధీనమున నుండును. క్రొత్త గురువు వచ్చిన నాడు పైపైకి ఒప్పగించిన చాలదు. పట్టిక చదివి, వస్తువు చూపి, పైసతో సహా లెక్క తేల్చి, ఇరువురును చేవ్రాలు చేయవలెను.