వెళ్లనన్న బిడ్డ మాట విన్న కోర్టు

2008వ సంవత్సరం. ఢిల్లీ. సుప్రీంకోర్టులో న్యాయమూర్తుల ఛాంబర్. జస్టిస్ సి.కె.ఠక్కర్, జస్టిస్ డి.కె.జైన్‌ల ముందు ఎనిమిదేళ్ల పిల్లాడు.

మీ నాన్న దగ్గరికి వెళ్లి ఉంటావా అని అడిగారు.

వెళ్లనన్నాడు. తడబడలేదు. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర సంతోషంగా ఉన్నానని, అక్కడే ఉంటానని చెప్పాడు.

ఆ మాట అక్కడిదాకా చేరడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ కుటుంబానిది పశ్చిమ బెంగాల్. 2004లో పిల్లాడి తల్లి చనిపోయింది. కట్నం కోసం అల్లుడు పెట్టిన హింసే కారణమని ఆమె తండ్రి కేసు పెట్టాడు. అల్లుడు అరెస్టయ్యాడు. ఒంట్లో బాగాలేని పసివాణ్ని అమ్మమ్మ, తాతయ్య తెచ్చుకుని సాకారు. బెయిలుపై బయటికొచ్చిన తండ్రి, బిడ్డను తనకు అప్పగించాలని కోర్టుకెక్కాడు. కింది కోర్టు సరేనంది. కలకత్తా హైకోర్టూ ఆయన వైపే మొగ్గింది. ముసలివాళ్లిద్దరూ వదల్లేదు, సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

2008 ఆగస్టు 8న తీర్పు వచ్చింది. తండ్రి మీదున్న క్రిమినల్ కేసుకు ఇవ్వాల్సినంత విలువ కింది కోర్టులు ఇవ్వలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. బిడ్డ ఎవరి దగ్గరుండాలన్నది సెక్షన్లతోనే తేల్చేది కాదని, మానవత్వంతో తేల్చాలని చెప్పింది. పిల్లాడు అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఈ తీర్పు కర్నూలు, కడప జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలియాలి. విడిపోయిన తల్లి ఆదోనిలో, తండ్రి ప్రొద్దుటూరులో ఉంటే సెలవులకు బిడ్డ బస్సెక్కాల్సిందే. పద్నాలుగేళ్ల పిల్ల “నేను నాయన కాడికి పోను” అని ఏడిస్తే పెద్దమనుషులు ఏమంటారు? “ఎంతైనా కన్నతండ్రి గదమ్మా, పోకుంటే ఎట్లా?” ఎందుకు పోనంటున్నావని అడిగేవాళ్లు తక్కువ. ఒంటి మీద వాతలు చూసేవాళ్లు ఇంకా తక్కువ.

చట్టం ఆ పిల్ల మాటకు చోటిస్తోంది. ఆలోచించి చెప్పగల వయసొచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. 2005 గృహహింస చట్టంలోని 21వ సెక్షన్ ఇంకా స్పష్టం. తండ్రి వచ్చి చూసిపోవడం వల్ల బిడ్డకు హాని ఉందనిపిస్తే మేజిస్ట్రేట్ అందుకు అనుమతి నిరాకరించాలి.

అందుకే బిడ్డను చుట్టాల ఇళ్లలో దాచొద్దు. తండ్రి దగ్గరికి పంపాలని కోర్టు ఆర్డరుండగా పంపకపోతే తల్లే కోర్టు ధిక్కారంలో ఇరుక్కుంటుంది. ఆర్డరిచ్చిన కోర్టులోనే మార్పు కోరుతూ పిటిషన్ వేయాలి. కస్టడీ ఆర్డర్లు శాశ్వతం కావని, పరిస్థితిని బట్టి మార్చొచ్చని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. బిడ్డతో జడ్జి విడిగా మాట్లాడాలని అడగండి. తండ్రి కలవడాన్ని పూర్తిగా ఆపకపోతే, కోర్టు ఆవరణలో మరొకరి సమక్షంలోనే కలవనివ్వాలని అడగండి. దెబ్బలకు వైద్యం చేయించిన చీటీలు దాచండి. ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో రాసి పెట్టండి. బిడ్డకు మాత్రం మాటలు నేర్పొద్దు. నేర్పిన మాట జడ్జి ముందు నిలవదు, నిజమైన బాధనూ అనుమానంలో పడేస్తుంది.

లాయరు ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100. బిడ్డకు ఇప్పుడే ప్రమాదముంటే 1098కి చేయండి. టీచరైనా, పక్కింటివాళ్లైనా చేయొచ్చు.

బిడ్డ పోనంటే బస్సెక్కించే ముందు ఒక్కమాట అడగండి, ఎందుకని. చెప్పింది నమ్మండి. నమ్మి, కోర్టు దాకా ఆ బిడ్డకు తోడుగా నడవండి.