‘వద్దు’ అనే మాట లేని పెళ్లి: బోధన్ చెరుకు నేలలో జోగిని



కాలేజీల్లో ఈమధ్య ‘ఆరోగ్యకరమైన సంబంధాలు’ అని క్లాసులు పెడుతున్నారు. మనసులో మాట స్పష్టంగా చెప్పాలి, ఎదుటి మనిషి ‘వద్దు’ అంటే గౌరవించాలి, ఎవరి మీదా ముద్ర వేయకూడదు అని నేర్పుతున్నారు. మంచిదే. కానీ ‘వద్దు’ అనే హక్కు మన దేశంలో అందరికీ సమానంగా దక్కలేదు. మన నిజామాబాద్ జిల్లాలో కొందరు ఆడపిల్లల నోటి నుంచి ఆ మాటను ఒక ఆచారమే లాగేసుకుంది. దాని పేరు జోగిని.

ముందు ఈ నేల సంగతి. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు బాన్సువాడ, వర్ని, బోధన్ దిక్కు పారాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. జిల్లా చరిత్ర అంటే మనకు చెప్పేది ఇదే: ప్రాజెక్టు, చెరుకు, చక్కెర. అదే కాలువల కింద ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేసిన పిల్లలకు ఆ గర్వపు కథలో చోటు లేదు.

పిల్లకు జబ్బు చేసినా, జుట్టు జడలు కట్టినా, ఇంట్లో మగపిల్లాడు లేకపోయినా, ఊరికి కరువొచ్చినా ‘అమ్మవారు పిల్లను అడుగుతోంది’ అనేవారు. గుడి ముందు పసుపు కుంకుమలు పెట్టి తాళి కట్టించేవారు. చాలాసార్లు పిల్లకు ఊహ కూడా తెలియదు. ఈడేరాక ఊరి పెద్ద చేతిలో కన్నెరికం. ఆపైన ఆమె ఊరుమ్మడి సొత్తు. జాతరలో ఆడాలి, శవం ముందు ఆడాలి. అలా ఇచ్చింది ఎక్కువగా మాదిగ, మాల ఇళ్ల పిల్లలనే. దొర గడీలో పుట్టిన పిల్లను అమ్మవారు ఎందుకు అడగలేదో ఎవరూ చెప్పలేదు.

తెలుగు పాఠం చెప్పే మనిషిగా నా చూపు మాటల మీదికి పోతుంది. ‘దేవుడి పెళ్లాం’ అన్నారు. ఆ భర్త రాయి. రాయి అడగదు, పలకదు. దాని తరఫున పూజారి, పటేలు, దొర పలుకుతారు. అంటే ఈ పెళ్లి ఒక పసిపిల్లకూ ఊరి అధికారానికీ మధ్య జరిగింది. ఆమె ‘వద్దు’ అంటే అది ఒక మగాడికి చెప్పిన జవాబుగా మిగలదు, అమ్మవారికి చేసిన అపచారం అవుతుంది. పంట పోయినా ఆమె పాపమే. ఆ భయంలో నోరు మూసుకుంటే ‘ఒప్పుకుంది’ అన్నారు. మౌనం అర్ధాంగీకారం అనే సామెతను మనం సరదాగా వాడతాం. జోగిని బతుకులో అది మొత్తం అంగీకారంగా చెల్లిపోయింది.

ఒంటి మీద హక్కు లేని మనిషికి ఒంటి ఆరోగ్యం మీద హక్కు ఎక్కడిది? చిన్న వయసులోనే కాన్పులు, సుఖవ్యాధులు, బయటికి చెప్పుకోలేని నొప్పి. 2000ల మొదట్లో ఊరూరా పులిరాజా బోర్డులు పెట్టారు, గుర్తుందా? ఆ ప్రచారం మగాడిని జాగ్రత్తగా ఉండమంది. నిరోధ్ వాడమని అడిగే వీలు కూడా లేని ఆడమనిషి సంగతి ఆ బోర్డు మీద లేదు. దవాఖానకు పోతే చీటీ రాసేటప్పుడు మొదటి ప్రశ్న, ‘మీ ఆయన పేరేంది?’ అడిగేవాళ్లకు అది మామూలు ప్రశ్న. జోగినికి మాత్రం నలుగురిలో వేసిన ముద్ర.

ఇక చట్టాల దారి చూడండి. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) దళిత ఆడపిల్లలను దేవుళ్లకు ఇవ్వడం మీద ఆ రోజుల్లోనే పోరాడాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. అది నిజాం ఏలుబడిలోని నిజామాబాద్‌కు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ చట్టం వచ్చింది 1988లో. మద్రాసు చట్టానికి 41 ఏళ్ల తర్వాత! అందులో ఒక మంచి మాట ఉంది: దేవుడికి ఇచ్చారన్న కారణంతో ఆమె చేసుకున్న పెళ్లి చెల్లకుండా పోదు, ఆమె పిల్లలు అక్రమ సంతానం కారు. కానీ శిక్షలు చూడండి. తంతు జరిపినవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కన్నవాళ్లయితే 5 ఏళ్ల వరకు. ఊరి ఒత్తిడికి లొంగిన వాడ తల్లికి పూజారి కన్నా పెద్ద శిక్ష!

ఆ రోజుల్లో మన జిల్లాలో పనిచేసిన మనిషి హేమలతా లవణం. గుర్రం జాషువా కూతురు, గోరా కోడలు. సంస్కార్ సంస్థ తరఫున వర్నిలో జోగినీల కోసం ‘చెల్లి నిలయం’ నడిపారు. ఆ పేరు నాకు ముఖ్యం. ఊరంతా ‘జోగి’ అని పిలిచిన మనిషిని ‘చెల్లి’ అని పిలవడంతోనే సంబంధం మారిపోతుంది. చెల్లిని ఊరుమ్మడి సొత్తు అనలేరు కదా. అయినా నేను ఇంకో అడుగు వేయమంటాను. చెల్లి కాకపోయినా, ఎవరి భార్యా కాకపోయినా ఆమెకు గౌరవం దక్కాలి. పునరావాసం అంటే పెళ్లి చేసేయడం ఒక్కటే అనుకుంటే, ఆమెను మళ్లీ ఒక మగాడి పేరుతోనే కొలిచినట్టు.

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక సవరణ చట్టం ఈ దారిలో పెద్ద మలుపు. దళిత, ఆదివాసీ స్త్రీని దేవదాసీగా, లేదా అలాంటి మరో ఆచారం కింద సమర్పించడం అందులో అత్యాచార నేరం. ఈ చట్టం చూసేది వాడ తల్లి దిక్కు కాదు, ఎస్సీ, ఎస్టీ కాని నేరస్థుడి దిక్కు. సమ్మతి అంటే ఏమిటో కూడా రాసింది: మాటతోనో సైగతోనో, ఆ ఒక్క పనికి, ఇష్టంగా, స్పష్టంగా ఒప్పుకోవడం. తిరగబడలేదు కాబట్టి ఒప్పుకుంది అనడానికి వీల్లేదు. ఆమె గతాన్ని చూపించి ఒప్పుకుంది అనడానికీ వీల్లేదు.

విద్యార్థి మిత్రులారా, మీ ‘ఆరోగ్యకరమైన సంబంధాల’ క్లాసులో ఈ నిర్వచనం చదవండి. అది విదేశీ పుస్తకంలోంచి ఊడిపడలేదు. దాని వెనక నోరు మూయించిన మన దళిత, ఆదివాసీ ఆడవాళ్ల బతుకులున్నాయి. రేపు మీలో ఒకరు నర్సు అవుతారు, ఒకరు టీచరు అవుతారు. భర్త పేరు, తండ్రి పేరు అడిగే ముందు ఆమె పేరు అడగండి. జవాబు రాకపోతే దాన్ని ‘అవును’ అని రాసుకోకండి.

ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామని ఎన్నికల్లో హామీలు ఇస్తారు. తెరవాల్సిందే. ఆ సభల్లోనే చేయెత్తి అడగండి: జోగినీలకు ఏం చేస్తారు?

జై భీమ్.